గోదావరి గట్టున పరదేశ పరిచర్య

నర్సింగు విద్య ముగియవచ్చిన బాలిక యొకతె సెలవులలో విమానమెక్కి, భాష తెలియని యొక దేశమునకుఁ బోయి, అచటి బాలల గృహమున రెండు మూడు వారములుండి, పిల్లలకు నీళ్లు పోసి, పుండ్లు కడిగి కట్లు కట్టి, పాటలు నేర్పి తిరిగి వచ్చుట పాశ్చాత్య దేశముల విద్యార్థులలో నేఁడొక యాచారమైనది. దానిని మెచ్చుకొనువారు గలరు, గట్టిగా నాక్షేపించువారును గలరు. ఈ వాదము సామాన్యముగా పరిచర్యను పంపిన దేశములలోనే సాగును; అందుకొన్న నేలలనుండి చూచి మాటాడువారు తక్కువ. కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలును, వానికి పడమటి పొరుగైన నిజామాబాదును అట్లు అందుకొన్న నేలలు. నూరేండ్లకు మించిన యా యనుభవమును నెమరు వేసికొన్నచో, ఎవరు వచ్చిరన్న ప్రశ్నకంటె ఎంతకాలముండిరి, ఏ భాషలో మాటాడిరి యన్న ప్రశ్నలే ప్రధానములని నాకుఁ దోఁచుచున్నది.

1905లో నిజాము ప్రభుత్వము జిల్లాలను మార్చి కూర్చినపుడు ఎలగందుల జిల్లా కరీంనగరు జిల్లా యయ్యెను, ఇందూరు నిజామాబాదయ్యెను, సిర్పూరు తాండూరు ప్రాంతము ఆదిలాబాదు జిల్లాగా నేర్పడెను. పేర్లు మాఱినవి గాని దారులు మాఱలేదు. సికింద్రాబాదునుండి నిజామాబాదు మీఁదుగా మన్మాడునకుఁ బోవు గోదావరి లోయ రైలుమార్గము 1901 నాటికి సిద్ధమైనను, కాజీపేటనుండి పెద్దపల్లి, రామగుండము, మంచిర్యాలల మీఁదుగా బల్లార్షాకుఁ బోవు మార్గము పూర్తియగుటకు 1929 వఱకు ఆగవలసి వచ్చెను. అంతవఱకు గోదావరికి ఇరుగట్లనున్న పల్లెలకు ఎడ్లబండియే వాహనము, వానకాలమున నదియు లేదు. పురుడు మంత్రసాని చేతిలోను, జ్వరము నాటువైద్యుని మూలికలోను, విఱిగిన యెముక కట్టుకట్టువాని వెదురుబద్దలలోను ఉండెను. సర్కారు దవాఖాన యున్న పట్టణమునకుఁ జేరినను, ఘోషాలో నుండు స్త్రీ మగవైద్యునకు చేయి చూపుట కష్టమే. ఇన్నింటికిని వెలియైనది పెద్దరోగము, అనఁగా కుష్ఠు. అది సోఁకినవానికి మందు లేకపోవుట యటుండఁగా, ఊరిలో చోటు సైతము లేదు. చెఱువుగట్టునో, శిథిలమైన గుడి మంటపముననో తలదాఁచుకొని, పొలిమేరలో నెవరైనను పెట్టి పోయిన గంజి త్రాగి బ్రతుకవలెను.

పందొమ్మిదవ శతాబ్ది చివర వెస్లియన్ మెథడిస్టు మిషనువారు సికింద్రాబాదునుండి ఉత్తరముగా కదలి కరీంనగరు, మెదకు, నిజామాబాదు ప్రాంతములలో స్థిరపడిరి. వారు ముఖ్యముగా మతప్రచారమునకై వచ్చినవారే. దానిని దాఁచవలసిన పని మనకు లేదు, వారును దాఁచలేదు. అయినను వారి మిషన్లలో నొక మంచి నియమముండెను: క్రొత్తగా వచ్చినవాఁడు దేశభాష నభ్యసించి పరీక్ష నెగ్గవలెను. బోధించుటకు నేర్చిన తెలుఁగు బోధనతోనే యాగలేదు. రోగిని నొప్పి యెక్కడ యని యడుగుటకును, అతఁడు చెప్పినది గ్రహించుటకును, గ్రహించితినని యతనికి నమ్మకము కలిగించుటకును అదే తెలుఁగు పనికివచ్చెను.

ఆ వచ్చినవారిలో నొకతె కథ విడిగాఁ జెప్పఁదగినది. ఇసబెల్ గన్ 1875లో స్కాట్లండు దేశమున జన్మించి, అబర్డీన్ విశ్వవిద్యాలయమున వైద్యవిద్య నభ్యసించి 1903లో పట్టము పొందెను. స్త్రీ వైద్యురాలగుట ఆ దేశమునందును ఆనాఁడు అరుదైన సంగతియే. మతాచార్యుఁడైన జార్జి కెర్‌ను వివాహమాడి 1907లో హైదరాబాదు సంస్థానమునకు వచ్చెను. నిజామాబాదులో వైద్యము చేయుచుండఁగా, తన వాకిటికి వచ్చు పెద్దరోగులకు తన యొద్ద నేమియు లేదన్న సంగతి యామెను కలఁతపెట్టెను. దంపతులు తొలుత నిజామాబాదులో వారికై చిన్న యాశ్రయమొకటి యేర్పఱచిరి. అది వెంటనే నిండిపోయెను. అంత నిజామాబాదు వాస్తవ్యుఁడు రాజా నర్సాగౌడ్ పెద్దమొత్తము విరాళమిచ్చెను. ముసల్మాను ప్రభువేలు రాజ్యములో, క్రైస్తవులు నడుపఁబోవు దవాఖానకు, హిందువొకఁడు ధనమిచ్చుట నేఁటి మనకు వింతగాఁ దోఁచునేమో గాని, ఆనాఁటి వారికి అది వింత యైనట్లు కనఁబడదు. 1915లో నిజామాబాదునుండి హైదరాబాదునకుఁ బోవు దారిలో డిచ్‌పల్లి యొద్ద విక్టోరియా కుష్ఠు చికిత్సాలయము వెలసెను. రైలుస్టేషను దగ్గఱనే యుండుట చేత పడమటినుండియు, రాజధానినుండియు రోగులు సులువుగా రాఁగలిగిరి; కరీంనగరు, ఆదిలాబాదు వైపునుండి వచ్చువారికో, బండిలో నెక్కించుకొనువారు లేని పెద్దరోగికో, నడకయే గతి.

ఇసబెల్ నర్సు కాదు, డాక్టరు; కాని కుష్ఠు చికిత్సలో ఆ భేదము చాలవఱకు చెఱగిపోవును. ఏలయన, ఈ రోగమునందు దేహమును పాడుచేయునది క్రిమి యొక్కటియే కాదు, స్పర్శ లేకపోవుటయును. కాలిలో ముల్లు విఱిగినను తెలియదు, చేయి పొయ్యిమీఁది కుండకు తగిలి కాలినను తెలియదు. తెలియని గాయము పుండగును, పుండు ఎముకను తినును. కావున దినదినము పాదములను నానఁబెట్టి, గట్టిపడిన చర్మమును గీఁకి, పుండు కడిగి, కట్టు మార్చి, మఱునాఁడు మరల నదియే చేయువారు కావలెను. ఈ పని విసుగు గొలుపునది, కంపు గొట్టునది, ఏడాదులు సాగునది. దానిని డిచ్‌పల్లిలోనే కాదు, దేశమందలి పలు కుష్ఠాశ్రమములలోను అధికభాగము చేసినవారు రోగులే: కొంత నయమైనవాఁడు అధికముగ బాధపడువానికిఁ గట్టు కట్టెను, వ్రేళ్లున్నవాఁడు వ్రేళ్లు లేనివానికి అన్నము కలిపి పెట్టెను. విదేశస్థుల చరిత్రలలో వీరి పేర్లుండవు. వీరిని పరిచారకులుగా లెక్కించినచో, ఈ ప్రాంతపు నర్సింగు చరిత్ర కళాశాలలతో గాక కుష్ఠాశ్రమముల వరండాలలో మొదలగును.

మందు విషయమున చరిత్ర యొక చిత్రమైన త్రోవ తొక్కినది. ఆ కాలపు మందు చాల్మూగ్ర జాతి గింజల నూనె. మన యడవులలో అడవిబాదమని పిలుచు చెట్టు ఆ జాతిదే. సుశ్రుతసంహితలో తువరకమన్న పేరున కుష్ఠమునకు దాని నూనెను విధించిరి. 1854లో కలకత్తాలో మౌఆట్ అను వైద్యుఁడు దానిని పాశ్చాత్య వైద్యమునకుఁ బరిచయము చేసెను. త్రాగినచో కడుపులో నిలువదు, వాంతియగును. సూదితో నెక్కించినచో చిక్కని నూనె చర్మము క్రింద గడ్డగట్టి చీము పట్టును. ఈ చిక్కును విప్పినవారిలో నొకతె హవాయి ద్వీపమున ఆలిస్ బాల్ అను నల్లజాతి యువతి. ఇరువదిమూఁడేండ్ల ప్రాయమున నూనెను సూదికి తగినట్లు మార్చు మార్గము కనిపెట్టి, 1916 చివరనే కన్నుమూసెను. కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్, ఎర్నెస్ట్ మ్యూర్ అనువారు తమ పద్ధతులను రూపొందించి, వానికి తోడు మంచి తిండి, ఒడలు వంచి పని చేయుట ఆవశ్యకమనిరి. డిచ్‌పల్లి ఆ పద్ధతినే యనుసరించెను. సూదిమందు పొడిచినచోట నొప్పి తక్కువది కాదు; అయినను రోగులు వరుసలో నిలువఁబడిరి. కొందఱిలో మచ్చలు మాసెను. పలువురిలో నాశ కలిగెను. 1923లో ప్రభుత్వము ఇసబెల్ కెర్‌కు కైసర్-ఇ-హింద్ పతకమిచ్చెను. 1932లో ఆమె మరణించెను. వచ్చిననాఁడు ముప్పదిరెండేండ్లది, ఇరువదియైదేండ్లు ఇక్కడనే గడచినవి.

పిల్లల సంగతి యిక్కడనే చెప్పవలసియున్నది. కుష్ఠు పుట్టుకతో రాదు. రోగమున్న తల్లికి పుట్టిన బిడ్డ ఆరోగ్యముగానే పుట్టును. ఆ సంగతి తెలిసిన పిదప, దేశమందలి మిషను ఆశ్రమములు పలుచోట్ల నొక విధానమును చేపట్టెను: బిడ్డను తల్లినుండి వేఱుచేసి, ఆశ్రమమునకు దూరముగా బాలల గృహమున పెంచుట. తల్లిదండ్రు లిరువురును జీవించియుండఁగా అనాథలవలెఁ బెరిగిన పిల్లలు వీరు. వారిలో ననేకులు రోగమునుండి తప్పించుకొన్నమాట నిజము. కొందఱు చదువుకొని ఉపాధ్యాయులు, కాంపౌండర్లు, నర్సులు నైనమాటయు నిజము. కాని తల్లి తీఁగె కంచె యీవల నిలువఁబడి, కంచె యావల నున్న బిడ్డను నెలకొకమాఱు చూచుట యను నేర్పాటును మేలని తలఁచుటకు నా మనస్సొప్పదు. ఆ తరము వైద్యులు క్రూరులు కారు. వారి చేతిలో నున్న మందు రోగిలోని అంటును త్వరగా తీయఁజాలదు, కావున కంచె తప్ప వారికి వేఱొక యుపాయము కనఁబడలేదు.

ఆ వేఱొక యుపాయమును తెచ్చినవి సల్ఫోను జాతి మందులు. 1941లో అమెరికాలోని కార్విల్‌లో గై ఫాజెట్ ప్రొమిన్ అను మందును సూదిద్వారా ప్రయోగించి సఫలుఁడయ్యెను. దానికి మాతృకయైన డాప్సోను 1908లోనే రంగుల రసాయనశాస్త్రమునుండి పుట్టినది గాని, మనుష్యులకు విషమని వైద్యులు భయపడిరి. తక్కువ మోతాదులో నోటిమాత్రగా నిచ్చినచో నది సురక్షితమని నిరూపించినవారిలో ముఖ్యుఁడు జాన్ లో. ఈయన డిచ్‌పల్లిలో పనిచేసి, పిదప కలకత్తా ట్రాపికల్ మెడిసిన్ విద్యాలయమునకుఁ బోయి, అటనుండి నైజీరియా దేశమున ఉజువాకోలి కుష్ఠాశ్రమమునకుఁ బోయెను. 1950లో లాన్సెట్ పత్రిక ఆయన నోటిమందు ఫలితములను ప్రకటించెను. నిజామాబాదు పల్లెజనుల పుండ్లపై నేర్చిన వైద్యము ఆఫ్రికాలో ఫలించినదని మనవారిలో నెందఱికిఁ దెలియునో! పైసా విలువ చేయు మాత్ర వచ్చినతోడనే నూనెసూదులు మూలఁబడెను, ఇండ్లకు తిరిగి పోవువారు మొదలైరి.

ఆ త్రోవ తిరిగి వెనుకకును వచ్చినది. ఉజువాకోలిలో జాన్ లోతో కలసి పనిచేసిన ఫ్రాంక్ డేవీ, ఆఫ్రికాలో రెండు దశాబ్దములు గడపిన పిదప, 1960ల చివర డిచ్‌పల్లికి వచ్చెను. అప్పటికి కుష్ఠు చర్మస్పర్శచే నంటునని పలువురు నమ్ముచుండిరి. డేవీయు, లండనులోని రీస్ అను శాస్త్రజ్ఞుఁడును కలసి, చికిత్స నొందని రోగుల ముక్కునీటిని పరీక్షించి, క్రిములు చర్మమునుండి కంటె ముక్కునుండి లక్షోపలక్షలుగా వెలువడునని 1974లో ప్రకటించిరి. ఇట్టి పరిశోధనకు యంత్రములకంటె ముందు కావలసినది, ప్రతి ప్రాతఃకాలమున రోగిచేత ముక్కు చీదించి దానిని సేకరించుటకు రోగి యొప్పుకోలు. అసహ్యించుకొనఁబడుటకు అలవాటుపడిన మనిషి ముందు నిలిచి, నీ ముక్కునీరు నాకు కావలెనని యడుగుటకు, అతని పేరు, ఊరు, ఇంటిసంగతి యెఱిఁగిన పరిచారకులుండవలెను. వా రక్కడ నుండిరి. మంచముమీఁద తల్లి ప్రక్కన పరుండిన బిడ్డకు రోగమెట్లు వచ్చుచుండెనో ఆ శోధనతో తేటపడెను. అంతేకాదు, తల్లికి మందు పడినచో ఆ ముక్కులోని క్రిములు నశించుననియు తేటపడెను. కంచెకు ఆధారమిఁక లేదు. 1980ల మొదట మూఁడుమందుల కలయిక చికిత్స వచ్చినతరువాత బిడ్డను తల్లినుండి తీయుట మాటయే లేకపోయెను.

ఆదిలాబాదు చరిత్ర వేఱొక దిక్కునుండి సాగినది. ఆ జిల్లా ఉత్తరపు పొలిమేర దాఁటినచో చాందా. అచటి వరోరా దగ్గఱ బాబా ఆమ్టే 1951 ప్రాంతమున ఆనందవనమును నెలకొల్పెను. మిషను చేతినుండి కుష్ఠు పరిచర్య గాంధేయుల చేతికి వచ్చిన కాలమది. 1950ల నడుమ అచటికి సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్ అను సంస్థ తరపున పలు దేశముల యువతీయువకులు వచ్చి ఇటుకలు మోసి కట్టడములు లేపిరి. ఆ సంస్థను స్విట్జర్లండువాఁడైన పియెర్ సెరెసోల్ 1920లో, మహాయుద్ధమున ధ్వంసమైన ఫ్రెంచి గ్రామమును తిరిగి కట్టుటతో ప్రారంభించెను. యుద్ధములో నొకరినొకరు చంపుకొన్న జాతులవారిచేత పారలు పట్టించుట ఆయన యుద్దేశము. 1934 బీహారు భూకంపము పిదప ఆయనయే స్వయముగా మనదేశమునకు వచ్చెను. నేఁడు వలంటీరను పేర సెలవులలో దేశాంతరము పోవు విద్యార్థి యెఱిఁగినను, ఎఱుఁగకున్నను ఆ పరంపరలోనివాఁడే. తేడా యొకటి గలదు: ఆ తొలివారు గోడలు కట్టిరి, గోడకు భాష యక్కఱలేదు, కట్టినవాఁడు వెళ్లిపోయినను గోడ చిన్నఁబోదు.

అదే యాదిలాబాదులో భాష యెంత పని చేయునో ఇంకొక యుదాహరణము గలదు. 1940లో గోండుల తిరుగుబాటు నాయకుఁడు కుమ్రం భీము జోడేఘాటున మరణించిన పిదప, నిజాము ప్రభుత్వము పంపఁగా వచ్చిన మానవశాస్త్రజ్ఞుఁడు హైమెండార్ఫ్ మార్లవాయిలో నివసించి, 1943లో గోండు ఉపాధ్యాయులకు శిక్షణకేంద్రము నెలకొల్పి గోండీ భాషలో వాచకములు వ్రాయించెను. గోండు తల్లికి తెలుఁగు నర్సు సైతము పరదేశియే యన్న సంగతిని ఆ జిల్లాలో వైద్యము చేసినవారందఱు నెన్నఁడో యొకనాఁడు నేర్చుకొనవలసి వచ్చెను. 1960లనుండి చాందా క్రైస్తవ మండలము ద్వారా కేరళ సన్యాసినులు ఆదిలాబాదు పల్లెలకు వచ్చి బడులు, చిన్న దవాఖానలు, బాలికల బోర్డింగులు నడిపిరి. 1999లో ఆదిలాబాదు ప్రత్యేక మండలమయ్యెను. మలయాళము తల్లిభాషగాఁ గల యీ సిస్టర్లు మొదట తెలుఁగు, పిదప తెలంగాణపు తెలుఁగు, అవసరమున్నచోట నాలుగు గోండీ మాటలు నేర్చిరి. మంచిర్యాల, బెల్లంపల్లి, గోదావరిఖని ప్రాంతముల బొగ్గుబావుల దవాఖానలలోను కేరళ నర్సులు పలువురు పనిచేసిరి. వారిలోఁ గొందఱు ఇచటివారినే పెండ్లాడి, ఇచటివారే యైరి.

1946లో, దేశపు ఆరోగ్యస్థితిని విచారించిన భోర్ సంఘము తన నివేదికలో బ్రిటిషిండియాలో నలువది మూఁడువేల మందికి ఒక నర్సు ఉన్నదని వ్రాసెను. సంస్థానములోని మన జిల్లాల సంగతి అంతకంటె మేలుగా నుండెనని యనుకొనుటకు హేతువు లేదు. నర్సు వృత్తిని మర్యాదైన కుటుంబములవారు చాలకాలము చిన్నచూపు చూచిరి. పరాయి పురుషుని దేహము తాఁకు పనియని కొందఱు, మిషనువారి పనియని కొందఱు. ఆ చిన్నచూపును తీసినది సంస్కర్తల యుపన్యాసములు కావు, జీతము. నేఁడు కరీంనగరులో ప్రైవేటు వైద్యకళాశాలలున్నవి, ఆదిలాబాదులో 2008నుండి రిమ్స్ వైద్యకళాశాల యున్నది, వీధివీధికి నర్సింగు పాఠశాల బోర్డు కనఁబడును. రైతుల, బీడీకార్మికుల, గల్ఫుకుఁ బోయిన తండ్రుల కూఁతుళ్లు తెల్లకోటు తొడుగుకొని బస్సులెక్కుచున్నారు.

ఆ కూఁతుళ్లిప్పుడు ఎదురుదారిని పోవుచున్నారు. తెలంగాణ ప్రభుత్వపు టామ్‌కామ్ సంస్థ జర్మనీ, జపానులలోని కొలువులకు నర్సులను సిద్ధపఱచుచున్నది. జర్మనీకిఁ బోఁదలఁచినది తన పట్టమునకు గుర్తింపు పొందుటకు జర్మను భాషలో బి2 స్థాయి నందుకొనవలెను. అందులకు నెలలు పట్టును, ఒక్కొక్కరికి ఏడాదియు పట్టును. జర్మను ముసలమ్మ తనకు ఎచట నొప్పియున్నదో చెప్పినపుడు అర్థముకాని నర్సు చేతికి ఆమెను అప్పగించరు. ఇది న్యాయమైన నిబంధన యని యెవరైనను ఒప్పుకొందురు. పేద దేశపు బాలల గృహమునకు పక్షమురోజుల కొఱకు వచ్చు విద్యార్థినికో, ఇట్టి నిబంధన లేదు. భాష రాకపోయినను, తాను వెళ్లిన మఱునాఁడు ఆ పిల్లలను ఎత్తుకొనువారెవరో తెలియకపోయినను, ఆమె రావచ్చును. మన బాలల న్యాయచట్టము 2015లో ప్రతి గృహమును నమోదు చేయింపవలెనని విధించినది. ఇట్టి గృహములలోని పిల్లలలో పలువురికి తల్లియో తండ్రియో జీవించియున్నారని ప్రపంచమంతట సర్వేలు చెప్పుచున్నవి. డిచ్‌పల్లి కాలమున బిడ్డను తల్లినుండి తీసినది క్రిమిభయము; నేఁడు తీయుచున్నది పేదఱికము. చందా యిచ్చు అతిథుల రాకపోకలు ఆ గృహములను నిండియుండునట్లు చేయునన్న యాక్షేపణ యిప్పుడు పలు దేశములలో బలముగా వినవచ్చుచున్నది. ఆస్ట్రేలియా వంటి దేశములు తమ విద్యార్థులను అట్టి గృహములకు పంపవలదని చెప్పుటకు మొదలుపెట్టినవి.

అంతమాత్రమున ఆ బాలికను రావలదనుట నా యభిప్రాయము కాదు. ఇసబెల్ కెర్ సైతము తొలిదినమున భాష రానిదే. డిచ్‌పల్లిలో నీనాఁటికిని దవాఖాన నడచుచున్నది. మచ్చలు పోయినను స్పర్శ రాని పాదములవారు నేఁటికిని కట్టు మార్పించుకొనుటకు వచ్చుచున్నారు. వారి పాదములను చేతిలోనికిఁ దీసికొనువారు ఇప్పుడు ఈ జిల్లాలవారే. వారికి రోగి యూరు, ఇంటిపేరు, కూఁతురి పెండ్లి యెప్పుడయినదో తెలియును. నేర్చుకొనవచ్చిన విద్యార్థిని వారి ప్రక్కన చాప వేసికొని కూర్చుండి, నీళ్లబకెట్టు తెచ్చియిచ్చి, గుడ్డలు మడత పెట్టుచు, ఆ మాటలు విన్నచో నప్పటికే ఆమె పని మొదలైనట్లు.